దేవుని పిడికెడు

ఆ ఏడు మా ఇంటికి వచ్చిన జబ్బుకు ఎవరూ పేరు పెట్టలేకపోయారు. తిన్న కాసేపటికి తల తిరిగేది. చేతులు వణికేవి. లేచి నిలబడితే కాళ్ళు ఒక దిక్కుకు, ఒళ్ళు ఒక దిక్కుకు పోయేవి. ఒక్కోసారి వాంతి అయ్యేది. ఆ తర్వాత మొద్దు నిద్ర. నిద్ర లేచాక నీరసం తప్ప ఏమీ మిగిలేది కాదు. జ్వరం లేదు, ఒంటి మీద పొక్కు లేదు. కొన్నాళ్ళు నిమ్మళంగా ఉండి మళ్ళీ వచ్చేది. అది మా నాయినకు, అమ్మకు, మూడేళ్ళ మా అక్క అమృతకు మాత్రమే వచ్చింది. వాడలో ఇంకెవరికీ రాలేదు.

నేనప్పటికి పుట్టలేదు. ఇదంతా అమ్మా, నాగులమ్మ పెద్దమ్మా చెప్పగా విన్నది. ఇద్దరి మాటా కలవని చోట అమ్మ మాటే తీసుకున్నాను.

మా నాయిన ఇస్రాయేలు కొల్లాపూర్ దిక్కు ఒక ఊళ్ళో క్రైస్తవ సంఘానికి బోధకుడు. యుద్ధం నడుస్తున్న రోజులు, నిజాం సర్కారు పాలన. మా వాళ్ళ వాడలో సగం ఇళ్ళు బాప్తిస్మం తీసుకున్నాయి, సగం తీసుకోలేదు. కొన్ని ఇళ్ళలో కొడుకూ కోడలూ తీసుకున్నారు, తల్లి తీసుకోలేదు. నాయిన స్వంతూరు మూసీ ఒడ్డున ఉంది. అమ్మ జానమ్మ పాలమూరులో మిషన్ వాళ్ళ బోర్డింగులో పెరిగింది. ఇద్దరికీ వరి తెలుసు, జొన్న తెలుసు. ఈ ఊరికి వాళ్ళను ఆ వేసవిలోనే పంపారు. ఇక్కడివన్నీ వాన మీదే పండే రాళ్ళ చెల్కలు. వాటిలో పండేది ఎక్కువగా అరికెలు. అరికెలను మొదటిసారి చూసినప్పుడు అమ్మ గడ్డి విత్తనాలనుకుందట.

మిషన్ ఇచ్చే జీతం ఉప్పుకూ గ్యాసునూనెకూ సరిపోయేది. తిండికి ఆధారం దేవుని పిడికెడు. సంఘంలో ప్రతి ఇల్లాలూ పూటకు గింజలు తీసుకునేటప్పుడు మొదటి పిడికెడు పక్కన ఒక ముంతలో వేసేది. అది దేవునిది. ఇంట్లో ఎంత తక్కువున్నా ఆ ముంత జోలికి పోయేవారు కాదు. ఆదివారం ఆ గింజలను కొంగున కట్టుకొని గుడికి తెచ్చి ఒకే కుండలో పోసేవారు. ప్రార్థన అయ్యాక కుండ మా ఇంటికి వచ్చేది. వేసవి నుంచి కోతల దాకా మా వాళ్ళు బతికింది ఆ కుండ మీదనే. ఏ జబ్బూ లేదు.

ఆ ఏడు అరికెల కోతల మీద వాన పడింది. కోసిన పనలు చెల్కల్లోనే నానాయి. జనం ఆరబెట్టుకొని, కొట్టుకొని, దక్కింది ఇంటికి తెచ్చుకున్నారు. అది కోతల పండుగ కాలం. నాయిన తొలిపంట గురించి బోధించాడు. దేవునికి మిగిలింది కాదు, మొదటిది ఇవ్వాలి, పాత కుండ అడుగు ఊడ్చి ఇచ్చేది కానుక కాదు అన్నాడు. ఆ బోధ అందరి మనసుల్లోకీ పోయింది. గుడి నుంచి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారని అమ్మ చెప్పేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే జబ్బు మొదలైంది.

అమ్మకు మొదట తిండి మీదే అనుమానం వచ్చింది. కుండలు మార్చింది. వేరే బావి నుంచి నీళ్ళు తెచ్చింది. కారం మానేసింది, నూనె మానేసింది. గింజల గురించి ఆలోచించలేదు. వాడంతా తినేది అరికెలే. పక్కింట్లో అవే అరికెలను గటకగా వండుకు తిన్న పిల్లలు గంతులేస్తుంటే గింజను ఎవరు అనుమానిస్తారు?

అక్క మరీ చిక్కిపోయింది. జబ్బు వచ్చినప్పుడల్లా ముందటిసారికన్నా ఎక్కువసేపు నిద్రపోయేది. లేపితే లేచేది కాదు. నాయిన ఎడ్లబండి కిరాయికి మాట్లాడి దగ్గరి పట్నంలో దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ కళ్ళు చూసింది, గుండె విన్నది, రెండు రోజులు ఉంచుకుంది. అక్కడ పెట్టిన అన్నం తిని అక్క వరండాలో ఉరికింది. ఏ రోగమూ లేదు, బలానికి మందు తాగించండి అని పంపారు. ఇంటికొచ్చి మళ్ళీ రెండు పూటలు తిన్నదో లేదో, అమ్మ చేతిలోనే వాలిపోయింది.

దాంతో వాడ ఒక నిర్ణయానికి వచ్చింది. పొలిమేర దాటితే పిల్ల నిమ్మళం, లోపలికి వస్తే జబ్బు. పొలిమేర మైసమ్మది. ఆ ఏడు బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళు మైసమ్మ పండుగకు గింజ ఇవ్వలేదు, ఇవ్వొద్దని చెప్పిందీ అయ్యగారే, అంటే మా నాయినే. ఇంకేం కావాలి? ఆదివారం గుడికి వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళు కూడా మా ఇంటి ముందు ఆగకుండా పోయేవారు.

నాగులమ్మ భర్త సంఘపెద్ద. అతని తల్లి పుల్లమ్మ మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. నోరున్న మనిషి. మా ఇంటికి రోజూ వచ్చేది, అక్కను ఒళ్ళో వేసుకునేది, మా దేవుణ్ణి ఎగతాళి చేసేది. మీ దేవుడు మంచోడే గాని మా పొలిమేర నాకా కాడ సుంకం కట్టలేక ఆగిపోయినట్టుంది అన్నది ఒకరోజు. అమ్మ నవ్వింది. ఆ నెల మొత్తంలో అమ్మ నవ్వింది అప్పుడొక్కసారేనట.

కోడి సంగతి ఎత్తిందీ పుల్లమ్మే. ఒక పుంజును ఇంట్లో ఉంచుకొని అమ్మ తన చేత్తో మేపాలి. మీ ఇంటి గింజ తిన్న కోడైతేనే మీ ఇంటి పీడను మోసుకుపోతుంది అన్నది. మంగళవారం తానే వచ్చి తీసుకుపోయి మైసమ్మ ముందు కోస్తుంది. అమ్మ రానక్కర్లేదు, చూడనక్కర్లేదు. అయ్యగారికి తెలియనక్కర్లేదు.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. బోర్డింగులో పదేళ్ళు వాక్యం చదువుకున్న మనిషి. బోధకుని భార్య. అది తెలిస్తే నాయిన ఉద్యోగం ఉండదు, నాయిన ముఖం చూడటం తన వల్ల కాదు. కానీ ఆ వారంలో అక్క ఒక పగలంతా కళ్ళు తెరవలేదు. సాయంత్రం అమ్మ పుల్లమ్మ ఇంటికి పోయి పుంజును కొంగు కింద పెట్టుకొని తెచ్చింది.

ఇంటి వెనక గంప కింద దాన్ని దాచింది. నాయిన ఆ రోజుల్లో పక్కూళ్ళ ప్రార్థనలకు తిరుగుతున్నాడు. అమ్మ అతను లేనప్పుడు గంప ఎత్తి, దేవుని కుండలోంచే గింజలు తీసి వేసేది. ఇంట్లో ఇంకో గింజ లేదు. దేవుని గింజతో మైసమ్మ కోడిని మేపుతున్నానే అని చెయ్యి వెనక్కి పోయేదట. పోయినా వేసేది. పుంజుకు రుచించినట్టుంది, ఎంత వేస్తే అంత తిన్నది.

మంగళవారం పొద్దెక్కాక పుల్లమ్మ వచ్చింది. చేతిలో పసుపూ కుంకుమా ఉన్నాయి. వెనకాలే నాగులమ్మ వచ్చింది. అత్త ఎక్కడికి పోతున్నదో ఆమెకు తెలిసిపోయింది. సంఘపెద్ద ఇంటి నుంచి మైసమ్మకు కోడి పోవడం ఆమెకు ఇష్టం లేదు.

"ఎందుకత్తా, అయ్యగారి ఇంట్ల గీ పని చేస్తవు?"

"నీ దేవుని పని నువ్వు చెయ్యి, నా దేవుని పని నేను చేస్త. ముందుగాల ఆ పిల్లను చూడు," అన్నది పుల్లమ్మ.

అక్క లోపల చాప మీద పడుకొని ఉంది. పొద్దున నాలుగు మెతుకులు తిని ఒరిగిపోయింది. నాగులమ్మ గడపలోంచి చూసి పక్కకు తప్పుకుంది.

అమ్మ గంప ఎత్తింది. పుంజు లేచి రెండు అడుగులు వేసింది. కాళ్ళు అడ్డం పడ్డాయి. రెక్కలు విప్పి లేవబోయి పక్కకు ఒరిగింది. మెడ వంకరపోయింది. ఒంట్లోంచి సన్నని వణుకు వచ్చింది. అమ్మ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది, అది అచ్చం అక్క పడ్డట్టే పడిందని. పుల్లమ్మ వంగి దాని నొసట కుంకుమ పెట్టేలోపు కదలడం మానేసింది.

"మైసమ్మ తల్లే వచ్చి తీసుకున్నది. కత్తి కూడ వద్దన్నది. ఇగ పిల్ల లేస్తది," అన్నది పుల్లమ్మ. ఆమె గొంతులో సంతోషం ఉంది, భయం కూడా ఉంది.

నాగులమ్మ కోడిని చూడటం లేదు. గంప కింద మిగిలిన గింజలను చూస్తోంది. కూర్చొని కొన్ని అరచేతిలోకి తీసుకుంది. నలిపింది, వాసన చూసింది. రెండు పలుకులు పంటి కింద కొరికి ఉమ్మేసింది.

"అమ్మగారు, దీనికి ఏం పెట్టినవు?"

"ఇంకేమున్నయి అక్కా, మీరిచ్చిన దేవుని గింజలే."

"మీరు కూడ గివే తింటాండ్రా?"

"గివే. ఇంకేం తింటం?"

నాగులమ్మ గడప లోపలికి, చాప వైపు చూసింది. తర్వాత మెల్లగా అన్నది. "గివి కొత్త అరికెలు. కొత్తయి ఏడు తిరగందే ఎవలు తింటరు బిడ్డా? మత్తు ఎక్కుతది. అండ్ల వానకు తడిసినయి. మా ఇండ్లల్ల పశువుకు కూడ పెట్టం."

ఆ ఊళ్ళో అది చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఎంత లేనివాళ్ళైనా ఈ ఏటి అరికెలు గుమ్మిలో పోసి మట్టితో మూతి మెత్తి, నిరుటివి తినేవారు. అరికెకు పురుగు పట్టదు, ఎన్నేళ్ళైనా నిలుస్తుంది. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పొయ్యిలో చెయ్యి పెట్టొద్దని పెద్దవాళ్ళకు చెప్తామా? కొత్త గింజ ఇచ్చిన ఇల్లాలు ప్రతి ఒక్కరూ అయ్యగారమ్మ దాన్ని గుమ్మిలో దాస్తుందిలే అనుకున్నారు. మా ఇంట్లో గుమ్మి లేదని, నిరుటి గింజ అసలే లేదని ఎవరికీ తట్టలేదు.

నేను కాలేజీలో చదివేటప్పుడు వ్యవసాయం తెలిసిన ఒక మాస్టారును దీని గురించి అడిగాను. తడిసిన గింజకు పట్టే బూజు వల్ల కావచ్చు అన్నారు. ఏడాది నిలవ ఉంటే ఆ మత్తు ఎందుకు తగ్గుతుందో ఆయనా సరిగా చెప్పలేదు.

"మరి కొత్తయి ఎందుకిచ్చిండ్రు అక్కా?" అని అడిగింది అమ్మ. నింద వేయాలని కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

"అయ్యగారు చెప్పిండ్రు గద. పాత కుండ అడుగు దేవునికి పెట్టొద్దన్నరు." నాగులమ్మ అరచేతిలోని గింజలు కింద పడేయలేదు, కొంగున కట్టుకోలేదు. అట్లాగే పట్టుకొని ఉండిపోయింది. "నా ముంతలయే ఎక్కువ. అందరికన్న ఎక్కువ నేనే పోసిన. దోసిలితో పోసిన."

పుల్లమ్మ కోడలి మాట వినిపించుకోలేదు. వాడందరూ తినే గింజ వీళ్ళనే కాటేస్తదా అని గొణుక్కుంటూ, చచ్చిన పుంజును ఎత్తుకొని మైసమ్మ దగ్గరికి పోవడానికి లేచింది. అదే సమయానికి నాయిన ఇంటికి వచ్చాడు.

ముగ్గురు ఆడవాళ్ళు, నొసట కుంకుమతో కోడి. నాయినకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. చేతిలోని బైబిలు సంచి గోడ పక్కన పెట్టాడు.

"కోడి ఎవలది?"

"మా ఇంటిది," అని పుల్లమ్మ అనబోయింది. అమ్మ ఆమెను ఆపింది.

"నాది. మైసమ్మకని మేపిన."

"నన్ను అడగకపోతివి."

"అడిగితే వద్దంటరు. పిల్ల పోతాంది. నాకు ఇంకేం తోచలే."

నాయిన తల దించుకున్నాడు. కోపం వస్తుందనుకుంది అమ్మ, వచ్చినా బాగుండేది అనేది. నాగులమ్మే ముందుకు వచ్చి, గింజలున్న చెయ్యి చాపింది. మొత్తం చెప్పింది. ఎక్కడా తనను తప్పించుకోలేదు. మీ ఇంటిని నా చెయ్యే పండబెట్టింది అయ్యగారు అన్నది. పిల్లకు ఏమన్నా అయితే ఆ పాపం తన ముంతదే అన్నది.

"నీ చెయ్యి గాదు," అన్నాడు నాయిన. "ఇయ్యమన్న నోరు నాది. మీరు ఏం తింటరో, ఏం దాస్తరో అడగకుండనే చెప్పిన."

ఆదివారం గుడిలో తానే నిలబడి ఈ మాట చెప్తానన్నాడు. నాగులమ్మ వద్దన్నది. ఆడోళ్ళు ఏడ్చుకుంట ఇచ్చిండ్రు, మీరు తిని పడిపోయిండ్రని తెలిస్తే మళ్ళ చెయ్యి లేవదు అన్నది. నాయిన వినలేదు. చెప్పకపోతే రేపు ఇంకో ఊరికి ఇంకో బోధకుడు వస్తాడు, అతనికీ ఇట్లాగే ఇస్తారు అన్నాడు. కోడి గురించి చెప్పాలా వద్దా అని అమ్మ అడిగితే, అది నువ్వు దేవునికి చెప్పుకో, నేను నా సంగతే చెప్త అన్నాడు. తర్వాత లోపలికి పోయి అక్క పక్కన కూర్చున్నాడు.

అక్క మధ్యాహ్నం తిరిగాక కళ్ళు తెరిచింది. తిరిగి మూసుకుంది. మళ్ళీ తెరిచి, ఆకలి అన్నది.

ఇంట్లో ఏముంది పెట్టడానికి? దేవుని కుండను నాయిన అప్పటికే తీసుకుపోయి దిబ్బలో బోర్లించాడు. నాగులమ్మ ఇంటికి పోయి, తన వాళ్ళ కోసం ఇసిరి, దంచి పెట్టుకున్న అరికెలు మూకుడు నిండా తెచ్చింది. నిరుటివి. మా పొయ్యి మీదనే గటక వండింది, పుల్లని మజ్జిగ పోసింది. అమ్మ ముందు పెట్టి, పిల్లకు పెట్టు అన్నది.

అమ్మ గిన్నె ముట్టుకోలేదు. తన కళ్ళకు ఆ గింజకూ ఈ గింజకూ తేడా లేదు. అక్క ఆకలి ఆకలి అని ఏడుస్తోంది. అమ్మ ఆమెకు మజ్జిగ నీళ్ళు తాగించి వీపు తడుతూ కూర్చుంది. నాగులమ్మకు అర్థమైంది. ఏమీ బాధపడలేదు.

"నాకు పెట్టు ముందు," అన్నది.

అమ్మ ఆకులో వడ్డించింది. నాగులమ్మ మొత్తం తిన్నది, మళ్ళీ పెట్టించుకొని తిన్నది. చెయ్యి కడుక్కొని, మా వాకిట్లో ఎండలో కూర్చుంది. జబ్బు పట్టేదైతే పొద్దు దిగేలోపు పడుతుంది, చూడు అన్నది.

ఆ రోజు ఆమెకు దొర గడిలో వెట్టి వంతు. వడ్లు దంచాలి. గడి నుంచి పిలుపులు మోసే సుంకరి వచ్చి కంచె అవతల నిలబడి పిలిచాడు.

"నాగులమ్మా, గడిల నిన్ను అడుగుతాండ్రు."

"పొద్దుగూకినాక వస్తనని చెప్పు."

"దొరసాని తిడతది. నన్ను గూడ తిడతది."

"తిట్టనియ్యి. నీకు అలవాటే గద, అన్నా."

సుంకరి ఇంకాసేపు నిలబడి, ఆమె కదిలేటట్టు లేదని చూసి వెళ్ళిపోయాడు. దానికి ఆమె తర్వాత ఏం పడిందో మాకు ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మ గడపలో కూర్చొని ఆమె చేతులనే చూసింది. వేళ్ళు వణుకుతాయేమోనని, రెప్పలు బరువెక్కుతాయేమోనని. మాటల్లో పెట్టడానికి నాగులమ్మ తన పెళ్ళి కబుర్లు చెప్పింది, అత్తను ఎక్కిరించింది. పుల్లమ్మ మైసమ్మ దగ్గర్నుంచి తిరిగి వచ్చి, అక్క లేచి కూర్చుందని విని, నేను చెప్పలేదా అని ఒక్క మాటన్నది. ఎవరూ ఆమెకు ఎదురు చెప్పలేదు. ఆమె కూడా వచ్చి కోడలి పక్కనే కూర్చుంది. నాయిన అక్కను భుజాన వేసుకొని లోపల అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఎండ కంచె దాటి పోయింది. నాగులమ్మ లేచి కొంగు నడుముకు చుట్టుకుంది.

"చూడు బిడ్డా," అని, గడప దగ్గర్నుంచి కంచె దాకా నడిచింది. ఎక్కడా ఆగలేదు, ఏదీ పట్టుకోలేదు. కంచె దగ్గర తిరిగి, అదే దారిన వెనక్కి వచ్చి అమ్మ ముందు నిలబడింది.

అమ్మ లోపలికి పోయి అక్కను నాయిన భుజం మీంచి తీసుకుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకొని, చల్లారిపోయిన గటకను మజ్జిగలో మెత్తగా పిసికి, ఒక ముద్ద నోట్లో పెట్టింది. అక్క మింగింది. అమ్మ రెండో ముద్ద చేతిలో పట్టుకొని ఆగిపోయింది, ఆమె కళ్ళలోకి చూస్తూ.

అక్క అమ్మ చెయ్యి పట్టుకొని నోటి దగ్గరికి లాక్కుంది.